రెండో ఏడాది ఎంబీబీఎస్ వాళ్లకి పబ్‌మెడ్‌లో వెతకడం ఎలా నేర్పాలి?

కొబ్బరితోట (కమ్యూనిటీ మెడిసిన్, అమలాపురం వైపు)

అందరికీ నమస్కారమండి. వచ్చే నెల నుంచి రెండో ఏడాది పిల్లలకి వైద్య పరిశోధన వ్యాసాల ఉచిత సూచీ పబ్‌మెడ్‌లో వ్యాసాలు వెతకడం మీద తరగతులు పెట్టాలి. బ్యాచ్‌లో 150 మంది. లైబ్రరీ పక్క గదిలో పనిచేసే కంప్యూటర్లు 30. ఒక్కో విద్యార్థికి మొత్తం నాలుగు గంటలు దొరుకుతాయి. చాలామంది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) విద్యార్థుల చిన్న పరిశోధనలకి ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి ప్రతిపాదన రాద్దామనుకుంటున్నారు, కాబట్టి ఆసక్తికి లోటు లేదు. పద్ధతే లేదు. ప్రశ్న మొత్తాన్నీ గూగుల్‌లో కొట్టి మొదటి పేజీలో కనబడ్డవి తీసుకుంటారు. ఈ మధ్య చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల్ని తెరిచి చూడకుండానే అతికిస్తున్నారు. మొదటి గంటలోనే పబ్‌మెడ్ తెర వేసి ఒక్కో బటన్ చెప్పుకుంటూ పోవాలా? ఇంకో దారి ఉందా? పాఠం నడిపిన వాళ్లు వివరంగా రాయండి.

పుస్తకాల_గది (మెడికల్ లైబ్రరీ, కాకినాడ)

బటన్ల పాఠం వద్దండి. తెర రూపం మారిందంటే ఆ పాఠం పోతుంది. 2020లో పబ్‌మెడ్ పాత తెర తీసేసి కొత్తది పెట్టినప్పుడు బటన్లు నేర్చుకున్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

మొదటి గంటకి కంప్యూటరే అక్కర్లేదు, 150 మందినీ లెక్చర్ హాల్లోనే కూర్చోబెట్టొచ్చు. ఒక్కొక్కరికీ ఒక తెల్లకాగితం చాలు. వార్డులో రోజూ వినబడే ప్రశ్న ఒకటి ఇవ్వండి. మన దగ్గర వానాకాలం దాటితే డెంగీ ఎలాగూ ఉంటుంది: “ప్లేట్‌లెట్లు ఇరవై వేలకి పడిపోయాయి, ఎక్కించరా?” అని రోగి తాలూకు వాళ్లు అడుగుతారు. దాన్ని నాలుగు గడులుగా విడగొట్టమనండి: ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏం జరిగిందని చూస్తాం. పికో అంటారే, అదే. గడులు నిండాక పక్కవాడి కాగితం తీసుకుని “ఎవరికి” గడిలో వయసు ఉందా, రక్తస్రావం ఉన్నవాళ్లా లేనివాళ్లా అన్నది రాశారా అని చూడమనండి. చాలా కాగితాల్లో “డెంగీ రోగులు” అని మాత్రమే ఉంటుంది. రక్తం కారుతున్న రోగికి ప్లేట్‌లెట్లు ఎక్కించడం ఒక ప్రశ్న, రక్తస్రావం లేకుండా అంకె మాత్రమే తగ్గిన రోగికి ముందుజాగ్రత్తగా ఎక్కించడం ఇంకో ప్రశ్న. రెండూ కలిపి వెతికితే దొరికిన వ్యాసాలు ఒకదాన్నొకటి కాదంటున్నట్టు కనబడతాయి.

వార్డు_రౌండ్స్ (జనరల్ మెడిసిన్, రాజమండ్రి)

నాలుగో గడి గురించి గట్టిగా చెప్పాలి. పిల్లలు అక్కడ “ప్లేట్‌లెట్ కౌంట్ పెరగడం” అని రాస్తారు. రోగికి కావలసింది రక్తస్రావం కాకుండా ఉండడం, ప్రాణం నిలవడం. కౌంట్ ల్యాబ్ కాగితం మీది అంకె. ఈ ప్రశ్న మీద 2017లో లాన్సెట్‌లో సింగపూర్, మలేషియాల నుంచి ఒక రాండమైజ్డ్ ట్రయల్ (రోగుల్ని చీటీ వేసినట్టు జట్లుగా విడదీసి పోల్చే అధ్యయనం) వచ్చింది. ప్లేట్‌లెట్లు ఇరవై వేలు, అంతకంటే తక్కువ ఉన్న పెద్దవాళ్లు 372 మంది. ముందుజాగ్రత్తగా ఎక్కించిన వాళ్లలో 21 శాతం మందికి, ఎక్కించని వాళ్లలో 26 శాతం మందికి రక్తస్రావమైంది. ఆ తేడా గణాంకాల్లో నిలవలేదు, పైగా ఎక్కించిన వాళ్లలోనే దుష్ప్రభావాలు ఎక్కువ కనబడ్డాయి. కౌంట్ మాత్రమే రాసుకున్న విద్యార్థి ఈ వ్యాసం చేతికొచ్చినా దీని విలువ పట్టుకోలేడు.

బొప్పాయి ఆకు రసం మీద వచ్చిన వ్యాసాలతోనూ ఈ చిక్కే. చాలావాటిలో కొలిచింది కౌంటునే. రెండో ప్రశ్నగా దాన్ని ఇవ్వండి, ఇంటి దగ్గర అందరూ అడిగేదే కాబట్టి పిల్లలు శ్రద్ధగా వెతుకుతారు.

పుస్తకాల_గది

వార్డు రౌండ్స్ గారు చెప్పినదానికి ఒక షరతు కలపాలండి. నాలుగో గడి ఆలోచనకి కావాలి, వెతికే పెట్టెలోకి మాత్రం దాన్ని తీసుకెళ్లకూడదు. కొలిచిన ఫలితాలన్నీ అబ్‌స్ట్రాక్ట్‌లో రాయరు. “బ్లీడింగ్” అన్న మాట కూడా జత చేస్తే, లోపల రక్తస్రావం కొలిచి సారాంశంలో ఆ మాట వాడని వ్యాసం జారిపోతుంది. వెతకడం మొదటి రెండు గడులతో, ఏరుకోవడం నాలుగో గడితో. పోలిక గడి కూడా సాధారణంగా పెట్టెలోకి వెళ్లదు.

రెండో గంట కంప్యూటర్ గదిలో, 30 మంది చొప్పున ఐదు జట్లు. పిల్లలకి తోచినట్టు డెంగీ, ప్లేట్‌లెట్ ట్రాన్స్‌ఫ్యూజన్ అని కొట్టనివ్వండి. ఫలితాలు చూడకముందే అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి, కింద హిస్టరీలో ఆ వరుస పక్కనున్న డీటెయిల్స్ బాణం నొక్కమనండి. వాళ్లు కొట్టిన మాటల్ని పబ్‌మెడ్ ఎలా అర్థం చేసుకుందో అక్కడ పూర్తిగా కనబడుతుంది. కొట్టిన మాట మెష్ (వ్యాసాలకి విషయాన్ని బట్టి వేసే ప్రామాణిక పదాలు) పట్టికలో ఉంటే ఆ మెష్ పదాన్ని తనే కలుపుకుంటుంది, పర్యాయపదాలు, ఏకవచన బహువచనాలు కూడా చేరుస్తుంది. నాలుగు గంటల్లో పిల్లలకి ఒక్క అలవాటే మిగలాలంటే అది ఈ డీటెయిల్స్ తెరిచి చదవడమే కావాలి. ఫలితాలు తేడాగా వచ్చినప్పుడు కారణం తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.

అక్కడ బయటపడే తప్పులు ఇవండి.

ఆండ్ (AND), ఆర్ (OR), నాట్ (NOT) మూడూ పెద్దక్షరాల్లో ఉండాలి. చిన్నక్షరాల్లో కొట్టిన ఆర్‌ని పబ్‌మెడ్ ఆపరేటర్‌గా లెక్కవేయదు, మాటలన్నీ కలిసి ఉండాలనుకుంటుంది. పెరగాల్సిన ఫలితాలు తగ్గిపోతాయి.

పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరుసగా చదువుతుంది. డెంగీ ఆండ్ ప్లేట్‌లెట్ ఆర్ ట్రాన్స్‌ఫ్యూజన్ అని కుండలీకరణాలు లేకుండా కొడితే, డెంగీతో సంబంధం లేని రక్తమార్పిడి వ్యాసాలన్నీ వచ్చి పడతాయి. ఒక భావానికి చెందిన మాటలన్నీ ఒక కుండలీకరణంలో ఆర్‌తో, రెండు భావాల మధ్య ఆండ్. ఇది బల్ల మీద రాసి ఉంచండి.

మాట చివర నక్షత్రం గుర్తు పెట్టినా, కొటేషన్ గుర్తుల్లో పెట్టినా, ఫీల్డ్ ట్యాగ్ (శీర్షికలోనా, సారాంశంలోనా, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు) తగిలించినా పైన చెప్పిన ఆటోమేటిక్ కలుపుకోలు ఆగిపోతుంది. అప్పుడు అనీమియా, లింఫెడీమా లాంటి మాటలకి బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికన్ స్పెల్లింగ్ రెండూ మనమే కొట్టుకోవాలి. నక్షత్రానికి ముందు కనీసం నాలుగు అక్షరాలు ఉండాలి.

కొటేషన్లలో పెట్టిన పదబంధం పబ్‌మెడ్ సూచీలో లేకపోతే, అది దొరకలేదని పైన చిన్న సందేశం పెట్టి మాటల్ని విడివిడిగా వెతికేస్తుంది. ఆ సందేశం ఎవరూ చదవరు. “ప్లేట్‌లెట్ ట్రాన్స్‌ఫ్యూజన్” అన్నా “ట్రాన్స్‌ఫ్యూజన్ ఆఫ్ ప్లేట్‌లెట్స్” అన్నా రెండూ రావాలంటే, 2022 నుంచి ఉన్న దగ్గరి మాటల వెతుకులాట వాడొచ్చు: కొటేషన్లలో రెండు మాటలు, టైటిల్/అబ్‌స్ట్రాక్ట్ ట్యాగ్‌లో టిల్డా గుర్తు, మధ్యలో ఎన్ని మాటలు ఉండొచ్చో ఆ అంకె. రెండో ఏడాదికి ఇది తప్పనిసరేం కాదు, చురుకైన వాళ్లకి చూపించండి.

కాలవగట్టు (పీడియాట్రిక్స్ పీజీ, ఏలూరు)

మేడమ్, మెష్ ఎందుకు అంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో చెప్పగలరా? జూనియర్లు “మాట కొడితే వస్తోంది కదా, మళ్లీ మెష్ ఎందుకు” అని అడుగుతున్నారు. గూగుల్ స్కాలర్ సరిపోదా అని కూడా.

పుస్తకాల_గది

బోదకాలు తీసుకోండి, డెల్టా పిల్లలకి పరిచయమైన జబ్బే. ఫిలేరియాసిస్ అని మాత్రమే కొడితే ఆ మెష్ కొమ్మ కింద ఉన్నవన్నీ చేరతాయి: ఆఫ్రికాలో చూపు పోగొట్టే ఆంకోసెర్కియాసిస్, లోయియాసిస్, కుక్కల గుండెలో చేరే పురుగు దాకా. మనకి కావలసిన కొమ్మ పేరు ఎలిఫెంటియాసిస్, ఫిలేరియల్. మెష్ డేటాబేస్‌లో లింఫాటిక్ ఫిలేరియాసిస్ అని వెతికితే ఈ పేరుకే తీసుకెళ్తుంది. ఆ పేజీలో కొమ్మల చెట్టు చూపించి, పైకి వెళ్తే ఏం కలుస్తుందో కిందికి వెళ్తే ఏం మిగులుతుందో పిల్లల చేతే చెప్పించండి. డెంగీకీ అంతే. పాత వ్యాసాల్లో డెంగీ హెమరేజిక్ ఫీవర్ అని ఉంటుంది. 2009లో డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణ మార్చాక వచ్చిన వాటిలో సివియర్ డెంగీ అని రాస్తున్నారు. టైటిల్/అబ్‌స్ట్రాక్ట్ వెతుకులాటలో రెండూ ఉండాలి.

మెష్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు కూడా. పబ్‌మెడ్‌లో ఉన్నదంతా మెడ్‌లైన్ (మెష్ పదాలు వేసే ముఖ్య భాగం) కాదండి. పీఎంసీ (పూర్తి పాఠాల ఉచిత భాండాగారం) ద్వారా మాత్రమే పబ్‌మెడ్‌లోకి వచ్చే పత్రికలున్నాయి, వాటి వ్యాసాలకి మెష్ పదాలు వేయరు. మన దేశపు పత్రికలు చాలా ఆ దారినే వస్తాయి. మెష్‌తో మాత్రమే వెతికితే మన జిల్లా ఆసుపత్రుల పనే ముందు రాలిపోతుంది. అందుకే ప్రతి భావానికీ మెష్ ఒకటి, దాని పక్కనే టైటిల్/అబ్‌స్ట్రాక్ట్ మాటలు, మధ్యలో ఆర్.

ఎడమ పక్క ఫిల్టర్లలోనూ ఇదే గుంట ఉంది. హ్యూమన్స్, వయసు, ఆడ, మగ ఫిల్టర్లు మెష్ మీదే నడుస్తాయి. “మనుషుల మీద చేసినవే కావాలి” అని హ్యూమన్స్ నొక్కితే మెష్ వేయని మనుషుల అధ్యయనాలు కూడా పోతాయి. జంతువుల వ్యాసాలు కళ్లతో ఏరేసుకోవడమే మేలు. ఇంకొకటి: ఒకసారి నొక్కిన ఫిల్టర్ తీసేదాకా తర్వాతి వెతుకులాటలకీ అంటుకునే ఉంటుంది. ల్యాబ్‌లో “నాకు నలభై వచ్చాయి, వాడికి నాలుగు వందలు వచ్చాయి” అన్న గొడవ వస్తే ముందు అదే చూడండి.

గూగుల్ స్కాలర్‌కి పని ఉంది, అయితే అది వేరే పని. వ్యాసం పూర్తి పాఠంలో మాటల్ని పట్టుకుంటుంది, థీసిస్‌లు, నివేదికలు చూపిస్తుంది, ఒక మంచి వ్యాసాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో చెబుతుంది. మెష్ లేదు, ఒక వెతుకులాటకి వెయ్యికి మించి చూపించదు. వరుసలో ఎక్కువ ఉదహరింపులున్న పాత వ్యాసాలు పైకి వస్తాయి. మొదటి పేజీతో ఆపేసే విద్యార్థికి నిరుడు వచ్చిన ట్రయల్ కనబడకుండా పోతుంది.

లెక్కల_బల్ల (బయోస్టాటిస్టిక్స్, భీమవరం)

స్టూడెంట్‌షిప్ ప్రతిపాదనల్లో “మా ప్రాంతంలో ఇంతవరకూ అధ్యయనాలు లేవు” అన్న వాక్యం దాదాపు ప్రతిదాంట్లోనూ ఉంటుంది. సరిగ్గా వెతకకపోవడమే చాలాసార్లు దానికి కారణం. ఊరి పేర్లతో వెతకడానికి విడిగా అరగంట కేటాయించండి, ఇది ఏ విదేశీ మాన్యువల్లోనూ దొరకదు.

మెష్‌లో ఇండియా ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. కాబట్టి రాష్ట్రం, జిల్లా, ఊరు అన్నీ మామూలు మాటలుగానే కొట్టాలి, అదీ టైటిల్/అబ్‌స్ట్రాక్ట్‌లో ఒకసారి, రచయితల చిరునామా ఉండే అఫిలియేషన్ ఫీల్డ్‌లో ఒకసారి. ఆ ఫీల్డ్‌లో 2013 దాకా మొదటి రచయిత చిరునామా మాత్రమే ఉండేది, 2014 నుంచి అందరివీ చేరుతున్నాయి. అందుకని పాత వ్యాసంలో కాకినాడ డాక్టరు మూడో రచయితైతే చిరునామా వెతుకులాటకి దొరకడు.

రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరం అయింది, రెండూ కొట్టాలి. బాగా పాత వ్యాసాలు కావాలంటే కాకినాడకి కొకనాడ (Cocanada), ఏలూరుకి ఎల్లోర్ (Ellore) అన్న తెల్లదొరల కాలపు స్పెల్లింగులు కూడా కలపండి. గోదావరి అన్న మాట ఒక్కటే కొడితే మహారాష్ట్ర వ్యాసాలు కూడా వస్తాయి, నది అక్కడే పుట్టింది మరి. ఈస్ట్, వెస్ట్ అన్న మాటలతో కలిపి కొటేషన్లలో పెట్టండి.

పేరు దొరికినంత మాత్రాన సరిపోదు, ఆ రోజుకి ఆ పేరు కింద ఏ నేల ఉందో చూడాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు వ్యాసాల్లో తూర్పు గోదావరి అంటే కాకినాడ, కోనసీమ, రంపచోడవరం మన్యం అన్నీ కలిసినదే. ఆ కాలపు జిల్లా మలేరియా లెక్క తీసుకుని కోనసీమ లంకలకి అన్వయిస్తే తప్పు. మన్యం మండలాల భారం అందులో కలిసి ఉంటుంది. ఏలూరులో 2020 డిసెంబరులో మూర్ఛలతో జనం ఆసుపత్రుల్లో చేరిన ఘటన మీద వెతికేవాళ్లు వెస్ట్ గోదావరి అన్న మాట కూడా పెట్టాలి, అప్పటికి ఏలూరు ఆ జిల్లా కేంద్రం. ఇక 2014 జూన్‌కి ముందు ఆంధ్రప్రదేశ్ అని ఉన్న వ్యాసం హైదరాబాద్‌దో వరంగల్‌దో కావచ్చు. మెథడ్స్ భాగంలో ఊరు చూడకుండా “మన రాష్ట్రంలో ఇంత శాతం” అని రాయనివ్వకండి.

కొబ్బరితోట

ఇది నాకు చాలా అవసరమైన ముక్కండి లెక్కల బల్ల గారూ. ఊరి పేర్ల జాబితా ఒక కాగితంగా పంచుతాను. పూర్తి పాఠం దొరకని వ్యాసాల సంగతి? పిల్లలు అబ్‌స్ట్రాక్ట్ చదివి వదిలేస్తున్నారు. చాట్‌బాట్ విషయంలో ఏం చెప్పాలి? వద్దంటే మానరు.

వార్డు_రౌండ్స్

పూర్తి పాఠానికి వరుస ఇది. పబ్‌మెడ్ పేజీలో కుడివైపు ఫుల్ టెక్స్ట్ లింకులు, వాటిలో పీఎంసీ ఉంటే ఉచితం. లేకపోతే బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, రచయిత చట్టబద్ధంగా ఎక్కడైనా ఉంచిన ప్రతి ఉంటే చూపిస్తుంది. కోక్రేన్ సమీక్షలు (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసేవి) చాలావరకు వచ్చిన ఏడాదికి ఉచితంగా తెరుచుకుంటాయి, సారాంశాలు మొదటి రోజు నుంచే అందరికీ ఉంటాయి. ప్రభుత్వ సంస్థలకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (దేశమంతటికీ కలిపి కేంద్రం కట్టే పత్రికల చందా) ఉంది, 30 మంది ప్రచురణకర్తలవి దాదాపు 13,000 పత్రికలు. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు లేవు. వాళ్లు విశ్వవిద్యాలయం ద్వారా ఏమేం అందుతున్నాయో లైబ్రరీలో అడగాలి. చివరిది, రచయితకి మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్. చాలామంది పంపుతారు.

పుస్తకాల_గది

చాట్‌బాట్‌ని వాడొద్దని చెప్పడం కంటే ఎక్కడ వాడొచ్చో గీత గీయండి. ఒక జబ్బుకి ఉన్న వేరే పేర్లు, పాత పేర్లు అడగడానికి పనికొస్తుంది. వచ్చిన మాటల్ని మెష్ డేటాబేస్‌లో సరిచూసుకుంటారు కాబట్టి నష్టం లేదు. రిఫరెన్సులు అడగకూడదు. లేని వ్యాసాన్ని ఉన్నట్టు, నిజమైన పత్రిక పేరుతో, నమ్మబుద్ధేసేలా ఇస్తుంది. పీఎంఐడీ (పబ్‌మెడ్ ఒక్కో వ్యాసానికి ఇచ్చే అంకె) ఉంది కదా అని నమ్మడానికీ లేదు, ఆ అంకె నిజంగానే ఉంటుంది, తెరిస్తే వేరే వ్యాసం వస్తుంది. అందుకని అంకెని పబ్‌మెడ్ పెట్టెలో కొట్టి, వచ్చిన శీర్షిక, మొదటి రచయిత, పత్రిక, సంవత్సరం నాలుగూ కలుస్తున్నాయా అని చూడాలి. అంకె లేకపోతే సింగిల్ సైటేషన్ మ్యాచర్‌లో పత్రిక, సంవత్సరం, పేజీ ఇచ్చి చూడాలి. డీఓఐ (వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే డీఓఐ డాట్ ఆర్గ్‌లో పెడితే సరి.

పనిలో పనిగా రిట్రాక్షన్ కూడా. వెనక్కి తీసుకున్న వ్యాసానికి పబ్‌మెడ్ పేజీ పైనే హెచ్చరిక ఉంటుంది. దించుకున్న పీడీఎఫ్‌లో ఉండకపోవచ్చు. రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడితే, వెనక్కి తీసుకున్న వ్యాసాల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాతో పోల్చి అదే చెబుతుంది. అది ఉచితం కూడా, మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.

కాలవగట్టు

మార్కులు ఎలా వేయాలి మేడమ్? ఎన్ని వ్యాసాలు దొరికాయన్నదాని మీదా?

లెక్కల_బల్ల

కాదు. సంఖ్య మీద మార్కులు పెడితే ఆర్‌లు పెంచుకుంటూ పోతారు. ఇలా చేయండి. ఆ ప్రశ్న మీద ఇటీవలి సిస్టమాటిక్ రివ్యూ (ఉన్న అధ్యయనాలన్నీ పద్ధతిగా వెతికి కలిపి చూసే సమీక్ష) ఒకటి తీసుకుని, అందులో చేర్చిన అధ్యయనాల్లో ఆరో ఎనిమిదో పీఎంఐడీలు మీ దగ్గర రాసి ఉంచుకోండి, పిల్లలకి చూపించకండి. వాళ్లు స్ట్రింగ్ (వెతికే పెట్టెలో కొట్టే పూర్తి వరుస) కట్టాక అడ్వాన్స్‌డ్ హిస్టరీలో అది ఒకటో నంబరు అనుకుందాం. అప్పుడు ఆ పీఎంఐడీలన్నీ పెట్టెలో ఖాళీలిచ్చి వరుసగా కొట్టమనండి, అది రెండో నంబరు. ఇప్పుడు రెండు నాట్ ఒకటి, ప్రతి అంకె ముందు హ్యాష్ గుర్తుతో (#2 NOT #1). వచ్చిన జాబితాయే వాళ్ల స్ట్రింగ్ జారవిడిచినవి.

అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. జారిన ఒక్కో వ్యాసం తెరిచి శీర్షికలో ఏ మాట వాడారు, కింద మెష్ పదాలున్నాయా, లేకపోతే ఎందుకు లేవు, తమ ఫిల్టర్ దేన్ని కోసేసింది అని రాయాలి. పది మార్కుల్లో ప్రశ్న గడులకి రెండు, స్ట్రింగ్‌కి మూడు, ఈ జారుడు విచారణకి మూడు, నమోదుకి రెండు. నమోదు అంటే వెతికిన తేదీ, డేటాబేస్ పేరు, స్ట్రింగ్ ఉన్నది ఉన్నట్టు, ఫలితాల సంఖ్య, ముందు స్ట్రింగ్ నుంచి ఏం మార్చారు, ఎందుకు. రేపు పీజీలో సిస్టమాటిక్ రివ్యూ రాసినా అలాంటి సమీక్షలు ఎలా నివేదించాలో చెప్పే ప్రిస్మా 2020 నియమావళి అడిగేది ఇలాంటి నమోదునే.

కొబ్బరితోట

అయితే మొదటి గంట కాగితం మీద పికో, రెండో గంట డీటెయిల్స్, మెష్, మూడోది వారం తర్వాత ఊరి పేర్లు, పూర్తి పాఠం, నాలుగోది జారుడు విచారణ. డెంగీ తరగతిలో, బోదకాలు ఇంటి పనికి. ఒక్క సందేహం మిగిలింది. వారం గడిచాక ఆ హిస్టరీ నంబర్లు ఉంటాయా?

పుస్తకాల_గది

ఉండవండి. ఎనిమిది గంటలు కదలిక లేకపోతే హిస్టరీ, క్లిప్‌బోర్డ్ (ఏరుకున్న వ్యాసాల తాత్కాలిక జాబితా) రెండూ ఖాళీ అవుతాయి. క్లిప్‌బోర్డ్‌లో 500కి మించి పట్టవు కూడా. రెండో గంట ముగిసేముందు పది నిమిషాలు దీనికే ఉంచండి. అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ డౌన్‌లోడ్ నొక్కి ఫైలు తమ మెయిల్‌కి పంపుకోవాలి, స్ట్రింగ్‌ని నోట్‌ప్యాడ్‌లో కూడా అతికించుకోవాలి. వర్డ్‌లో వద్దు. అది కొటేషన్ గుర్తుల్ని వంకరవిగా మార్చేస్తుంది. పబ్‌మెడ్ వాడేవాళ్లకి ఉండే మై ఎన్‌సీబీఐ ఖాతా ఉంటే క్రియేట్ అలర్ట్ నొక్కి స్ట్రింగ్ దాచుకోవచ్చు, కొత్త వ్యాసం వస్తే మెయిల్ కూడా వస్తుంది. ఖాతా గూగుల్ లాగిన్‌తోనే తెరుచుకుంటుంది, కాబట్టి ల్యాబ్ కంప్యూటర్లలో తెరిచినవాళ్లు లేచేముందు తప్పకుండా సైన్ అవుట్ చేయాలని గోడ మీద రాయించండి.